నిద్ర పట్టని ఏడేళ్ల బాలుడు, మెలటోనిన్ ఇవ్వవలసిన వేళ: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒంగోలుకు పడమరగా పొగాకు పండించే ఒక గ్రామం నుంచి వచ్చిన ఏడేళ్ల బాలుడి కేసు ఇది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసివేశాను, కొన్ని మార్చాను. చిన్నపిల్లల వైద్యుడిగా నా దగ్గరకు నిద్ర సమస్యతో వచ్చే పిల్లల్లో పలువురు ఇప్పుడు మెలటోనిన్‌ను (చీకటి పడ్డాక ఒంట్లో తయారయ్యే హార్మోన్‌ను) ఏదో ఒక రూపంలో ముందే వాడి వస్తున్నారు. విదేశాల్లో ఉన్న బంధువులు తెచ్చిన గమ్మీలు కొందరు వాడితే, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బిళ్లలు మరికొందరు వాడుతున్నారు. ఈ బాలుడి విషయంలో అదే మెలటోనిన్ మొదట పని చేయలేదు, తర్వాత ఇంట్లో ఇచ్చిన 10 మిల్లీగ్రాముల మోతాదులో పదో వంతు కన్నా తక్కువకే పని చేసింది. మధ్యలో ఏం మారిందో వివరంగా చెప్పడం తోటి వైద్యులకూ తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

బాలుడు రెండో తరగతి. నెలలు నిండి పుట్టాడు, నడక, మాట అన్నీ సమయానికే వచ్చాయి, చెప్పుకోదగ్గ జబ్బులేవీ లేవు. ఇంట్లో తల్లి, తండ్రి, నాయనమ్మ, మూడేళ్ల చెల్లెలు ఉన్నారు. తండ్రికి సొంత పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, ఉంది. జనవరిలో ఈ ఆరబెట్టే పని (క్యూరింగ్) మొదలైతే ఏప్రిల్ దాకా ఇంటి గడియారమంతా బ్యారన్ చెప్పినట్టే నడుస్తుంది. ఒకసారి ఆకెక్కించి మంట వేస్తే, ఆకు పసుపు తిరిగి, ఆరి, ఈనె ఎండే వరకు దాదాపు వారం రోజులు రాత్రింబవళ్లు వేడిని కనిపెట్టుకుని ఉండాలి. అందుకని ఆ నెలల్లో తండ్రి రాత్రి పడక బ్యారన్ దగ్గరే.

తెచ్చిన సమస్య

ఫిబ్రవరి మధ్యలో తల్లి, నాయనమ్మ కలిసి బాలుణ్ని తీసుకొచ్చారు. మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాడని బడి నుంచి కబురు రావడమే వాళ్లను కదిలించింది. తల్లి అడిగింది ఒకటే. "సార్, పిల్లోడికి రాత్రి పన్నెండు దాటందే కన్ను మూత పడటం లేదు. రెండు గమ్మీలు ఇచ్చినా అంతే. ఇంకాస్త గట్టి మందు రాయండి."

ఆమె చెప్పినదాని ప్రకారం బాలుణ్ని రాత్రి పదింటికి పడుకోబెడితే పన్నెండుంబావు దాకా దొర్లుతూ, లేస్తూ, నీళ్లనీ బాత్‌రూమనీ తిరుగుతూ ఉంటాడు. బడి బస్సు కోసం ఉదయం ఆరుంబావుకు లేపాలి. లేపడానికి ముఖాన నీళ్లు చల్లవలసి వస్తోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఈ బాలుడికి రాత్రి దక్కుతున్నది ఆరు గంటలే.

అంతవరకు ఇంట్లో చేసినవి

సంక్రాంతికి వచ్చిన మేనమామ అమెరికా నుంచి ఒక గమ్మీల సీసా తెచ్చాడు. ఒక్కోదానిలో 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఉందని దాని మీద రాసి ఉంది. జనవరి చివర్లో రాత్రి పదింటికి ఒకటి చొప్పున మొదలుపెట్టారు. మొదటి కొన్ని రాత్రులు కాస్త త్వరగా నిద్రపోయాడు. ఆ తర్వాత ఫలితం తగ్గిందని రెండు చేశారు. రెండు చేసినప్పటి నుంచి పొద్దున్నే తలనొప్పి అంటున్నాడు. ఎప్పుడో మానిన పక్కతడపడం మళ్లీ కనిపించింది. తలనొప్పి, పగటి మత్తు, పక్కతడపడం మెలటోనిన్ వాడే పిల్లల్లో కనిపించే దుష్ఫలితాలే.

మధ్యలో మందుల షాపులో అడిగి జలుబు సిరప్ కూడా ఇచ్చి చూశారు. అలర్జీకి వాడే యాంటీహిస్టమిన్ ఉన్న అలాంటి సిరప్‌లతో మత్తు వస్తుంది కాబట్టి నిద్ర వచ్చినట్టే ఉంటుంది, కానీ కొందరు పిల్లల్లో అది తలకిందులుగా పనిచేసి చిరాకు, గెంతులు తెప్పిస్తుంది. ఈ బాలుడు ఒక రాత్రి రెండింటి దాకా గంతులు వేశాడట, దాంతో అది మానేశారు. దిష్టి తీయడం, అరికాళ్లకు ఆముదం రాయడం కూడా జరిగాయి. వాటి వల్ల నష్టం లేదు కనుక వాటి జోలికి నేను పోలేదు.

ముందు తోసిపుచ్చవలసినవి

నిద్ర పట్టలేదన్న ప్రతి బిడ్డకూ మెలటోనిన్ ఆలోచన రాకముందే కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. గురక ఉందా, నోటితో ఊపిరి పీలుస్తున్నాడా అని అడిగి, నిద్రలో ఉండగా ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీసి తెమ్మన్నాను. ఛాతీ ఎగసిపడటం, గురక ఏవీ లేవు, టాన్సిల్స్ మామూలుగానే ఉన్నాయి. పడుకోగానే కాళ్లు పీకడం, కాళ్లలో చీమలు పాకినట్టు ఉండటం వంటివి లేవు. అయినా మన ప్రాంతంలో పిల్లల్లో ఇనుము లోపం ఎక్కువ కనుక, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్న పిల్లల్లో కాళ్ల ఇబ్బంది నిద్రను చెడగొట్టవచ్చు కనుక, ఆ పరీక్ష చేయించాను. అది 50కి పైనే ఉంది. రాత్రి మలద్వారం దగ్గర దురద లేదు. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో ఆల్బెండజోల్ కూడా మింగించారు.

ఇక్కడి పిల్లలను అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. తడిసిన పచ్చ పొగాకును చేతులతో ముట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి వికారం, వాంతులు, తలతిరగడం, నిద్ర పట్టకపోవడం కలిగిస్తుంది. ఆకు అల్లే చోటికి బాలుణ్ని పోనివ్వడం లేదని తండ్రి గట్టిగా చెప్పాడు. వాంతులు, వికారం కూడా లేవు.

ఆటిజం, ఏకాగ్రత లోపం సూచించే లక్షణాలు కనిపించలేదు. డిసెంబరు దాకా ఇతడు రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయేవాడు, బడిలో ఏ ఫిర్యాదూ లేదు. సమస్య జనవరిలో, బ్యారన్ మండడంతో పాటే మొదలైంది. ఒక తేదీ నుంచి మొదలైన నిద్రలేమికి కారణం బిడ్డ మెదడులో కంటే ఆ తేదీన ఇంట్లో వచ్చిన మార్పులో వెతకడం మేలు.

ఇంటి సాయంత్రం

తల్లి చేత ఒక నోటుబుక్‌లో నిద్ర డైరీ రాయించాను. మంచం ఎక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, పగటి కునుకులు, టీ, కాఫీలు, ఫోన్ చూసిన వేళలు ఆమె పద్ధతిగా రాసుకొచ్చింది. మందుల చీటీ కంటే ఆ పుస్తకమే ఈ కేసులో ఎక్కువ పని చేసింది.

బాలుడు బడి నుంచి నాలుగూముప్పావుకు వచ్చి, అలసిపోయి చాప మీద ఆరున్నర దాకా నిద్రపోతున్నాడు. లేవగానే నాయనమ్మతో కలిసి టీ తాగుతున్నాడు. ఏడున్నరకు తండ్రికి క్యారియర్ పట్టుకుని బ్యారన్ దగ్గరకు వెళ్తున్నాడు. అక్కడ ట్యూబ్‌లైట్ కింద నులక మంచం మీద తండ్రి ఫోన్ ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని రెండు గంటలు చూస్తున్నాడు. అక్కణ్నుంచి పదింటికి ఇల్లు, గమ్మీ, పడక.

అసలు కీలకం డైరీలో శనివారాల దగ్గర ఉంది, దాన్ని నాయనమ్మ ఒక్క మాటలో చెప్పింది. "వాడి మానాన వదిలేస్తే పన్నెండింటికి ఇట్టే పడుకుంటాడు నాయనా, మళ్లీ తొమ్మిదిన్నర దాకా లేవడు." అంటే బాలుడికి నిద్రపోవడం చేతకాక కాదు. పన్నెండింటికి పడుకుంటే పది నిమిషాల్లో నిద్ర పడుతోంది, తొమ్మిది గంటల పైగా హాయిగా నిద్రపోతున్నాడు. నిద్ర బాగానే ఉంది, అది వచ్చే వేళ రెండున్నర గంటలు వెనక్కి జరిగింది, అంటే ఆలస్యమైంది. నిద్రలేమి వేరు, నిద్ర వేళ జారడం వేరు. రెండోదానికి మత్తుమందు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

గమ్మీలు ఎందుకు పని చేయలేదు

మెలటోనిన్‌ను నిద్రమందుగా ఎవరూ కనిపెట్టలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు చర్మం రంగును మార్చే పదార్థం కోసం వెతుకుతూ 1958లో పశువుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి దాన్ని వేరు చేశాడు. చీకటి పడిందన్న కబురును ఒంటికి చేరవేయడం దాని పని. మామూలుగా నిద్రపోయే వేళకు రెండు, మూడు గంటల ముందు నుంచే అది రక్తంలో పెరగడం మొదలవుతుంది. కంటిలో వెలుతురు పడితే, అందులోనూ నీలి వెలుతురు పడితే, ఆ పెరుగుదల ఆగిపోతుంది. పిల్లల కనుపాపలు పెద్దవి, కటకం స్వచ్ఛమైనది కనుక అదే వెలుతురు పెద్దల కంటే వాళ్లను ఎక్కువ ప్రభావితం చేస్తుంది.

బయటి నుంచి ఇచ్చే మెలటోనిన్‌కు రెండు రకాల పనులున్నాయి. పడకకు ముందు ఇస్తే కొద్దిపాటి మగత తెస్తుంది. సాయంత్రం, నిద్ర పట్టే వేళకు మూడు నుంచి ఐదు గంటల ముందు ఇస్తే ఒంటిలోని నిద్ర గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర త్వరగా వచ్చేలా చేస్తుంది. ఇదే మందును తెల్లవారుజామునో ఉదయమో ఇస్తే గడియారం ఇంకా వెనక్కి పోతుంది. ఈ బాలుడి గడియారం ప్రకారం రాత్రి పదంటే నిద్రకు రెండు గంటల ముందు మాత్రమే. గడియారాన్ని జరపడానికి అది ఆలస్యమైన వేళ. పైగా 10 మిల్లీగ్రాములంటే ఒంట్లో సహజంగా తయారయ్యేదానికి ఎన్నో రెట్లు. మందు త్వరగానే విరిగిపోయేదైనా, అంత మోతాదులో ఇస్తే మిగులు తెల్లవారే వేళ దాకా నిలవవచ్చు. అలా నిలిచినది ముందుకు జరపవలసిన గడియారాన్ని వెనక్కి లాగవచ్చు, పొద్దున మత్తునూ మిగల్చవచ్చు. కొందరు పిల్లల్లో మెలటోనిన్ కాలేయంలో నెమ్మదిగా విరుగుతుంది. వాళ్లలో మొదట్లో పనిచేసిన మందు కొద్ది వారాలకు పని చేయకుండా పోవడానికి పగలంతా అది రక్తంలో నిలిచిపోవడమే కారణమని భావిస్తున్నారు. ఫలితం తగ్గిందని మోతాదు రెట్టింపు చేయడం అలాంటి బిడ్డకు సరిగ్గా చేయకూడని పని.

అసలు ఆ గమ్మీలో ఎంత మెలటోనిన్ ఉందన్నది కూడా చెప్పలేం. అమెరికాలో దీన్ని మందుగా గాక ఆహార అనుబంధంగా అమ్ముతారు. కెనడా పరిశోధకులు 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, చీటీ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేడా కనిపించింది. అమెరికాలో 25 గమ్మీ ఉత్పత్తుల మీద 2023లో వెలువడిన పరిశీలనలో 22 చీటీకి సరిపోలేదు, ఒకదానిలో మెలటోనినే లేదు.

ఆ సీసా ఎక్కడ ఉంచుతున్నారని అడిగాను. టీవీ బల్ల మీద, బిస్కెట్ డబ్బా పక్కన అన్నారు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, అవి చూడటానికి జెల్లీ చాక్లెట్లలాగే ఉంటాయి. అమెరికాలో పిల్లలు మెలటోనిన్ మింగిన సంఘటనలపై విష నియంత్రణ కేంద్రాలకు అందిన సమాచారం 2012లో 8,337 ఉండగా 2021లో 52,563కు చేరింది. సీసాను ఆ రోజే అల్మరాలో పెట్టి తాళం వేయమని చెప్పాను. మందు మార్చడం కంటే ముందుగా చెప్పిన మాట అదే.

మొదటి ప్రయత్నం, అది ఆగిన చోటు

గమ్మీలు పూర్తిగా ఆపించాను. ఏ మందూ లేకుండా ఎంతవరకు రాగలమో తెలిస్తే తప్ప మందు చేసిన మేలు ఎంతో తెలియదు. సాయంత్రం కునుకును ఇరవై నిమిషాలకు కుదించడం, టీ మానిపించి పాలు ఇవ్వడం, ఎనిమిది దాటాక ఫోన్ లేకుండా చూడటం మా ఒప్పందం. తొమ్మిదింటికల్లా మంచం ఎక్కించాలన్న నియమం మాత్రం ఇంట్లో పెద్దలు తమంతట తామే చేర్చుకున్నారు.

కునుకు, టీ తగ్గగానే నిద్ర పట్టే వేళ పన్నెండుంబావు నుంచి పదకొండున్నరకు వచ్చింది. తలనొప్పి, పక్కతడపడం పోయాయి. ఆపై రెండు వారాలు అక్కడే ఆగిపోయింది. ఆగడానికి డైరీలో రెండు కారణాలు కనిపించాయి. తొమ్మిదింటి పడక ఒకటి. గడియారం ప్రకారం నిద్ర వచ్చే వేళకు ముందుండే రెండు మూడు గంటలు మెదడు రోజులోకెల్లా చురుగ్గా ఉండే సమయాల్లో ఒకటి. ఆ వేళ బిడ్డను చీకట్లో పడుకోబెడితే మంచం నిద్రకు కాక పోరుకు చోటవుతుంది. రెండున్నర గంటల పాటు బతిమాలడం, కేకలు, ఏడుపు. రెండోది ఆదివారం. తొమ్మిదిన్నర దాకా పడుకోనివ్వడంతో వారమంతా కష్టపడి జరిపిన గడియారం ఆ ఒక్క పొద్దుతో మళ్లీ వెనక్కి పోయేది.

బ్యారన్ విషయం మరింత చిక్కు. తండ్రి రాత్రులు ఇంట్లో ఉండడు, పగలు గ్రేడింగ్, కూలీల పనుల్లో ఉంటాడు. క్యారియర్ తీసుకెళ్లే ఆ రెండు గంటలే బిడ్డకు తండ్రి దొరికే సమయం. అది మానిపించమంటే తల్లి తల ఊపింది గానీ, బాలుడు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఒక బిడ్డకు తండ్రిని దూరం చేసే నిద్ర వైద్యం నిలవదని నా ఉద్దేశం. ఆ పని ఆపడం కాక, దాని వేళను మార్చడం గురించి ఆలోచించాం.

పని చేసినది

మార్చి మొదటి వారంలో మూడు మార్పులు ఒకేసారి చేశాం. విడివిడిగా చేసి ఏది ఎంత పనిచేసిందో తేల్చుకునే వ్యవధి లేదు. బడిలో బిడ్డ చదువు దెబ్బతింటోంది.

మొదటిది, పడక వేళను ముందుకు కాకుండా వెనక్కి జరిపాం. పదకొండుంబావు దాకా మంచం ఎక్కనివ్వవద్దన్నాను. ఉన్నదే నిద్ర తక్కువైతే ఇంకా ఆలస్యంగా పడుకోబెట్టమంటారేమిటని తల్లి భయపడింది. ఎలాగూ అప్పటిదాకా నిద్రపోవడం లేదనీ, పడుకోగానే నిద్రపోవడం మళ్లీ అలవాటైతే ఆ వేళను కొంచెం కొంచెంగా ముందుకు తేవచ్చనీ డైరీ చూపించి చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

రెండోది మెలటోనిన్. మూడు మిల్లీగ్రాముల మామూలు బిళ్ల, నెమ్మదిగా కరిగే రకం కాకుండా, బిళ్లలు కోసే చిన్న పరికరంతో నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క ఇమ్మన్నాను. అంటే సుమారు 0.75 మిల్లీగ్రాము. ముక్కలు కచ్చితంగా సమానంగా రావు, గడియారాన్ని జరపడానికి ఇచ్చే చిన్న మోతాదుల్లో ఆ తేడా పెద్దది కాదు. ఇవ్వవలసిన వేళ రాత్రి ఏడున్నర, అంటే అప్పటి నిద్ర వేళకు నాలుగు గంటల ముందు. ఇది తిన్న వెంటనే నిద్ర రాదనీ, రాకపోతే రెండో ముక్క ఇవ్వకూడదనీ పదేపదే చెప్పాను. బాలుడు ఇతర మందులేవీ వాడటం లేదని కూడా చూసుకున్నాను, ఎందుకంటే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వంటి కొన్ని మందులు మెలటోనిన్ విరగకుండా అడ్డుకుని దాని మోతాదును రక్తంలో పెంచుతాయి.

మూడోది తండ్రి సూచన. బ్యారన్‌కు రావడం సాయంత్రం బదులు పొద్దున పెట్టుకుందామన్నాడు. ఆరింటికి బండి మీద వచ్చి కొడుకును తీసుకెళ్లేవాడు. బ్యారన్ గోడకున్న చిన్న అద్దం కిటికీలోంచి లోపల వేలాడే థర్మామీటరు చూసి డిగ్రీలు చదవడం, ఆ అంకెను తేదీతో సహా పుస్తకంలో రాయడం బాలుడి పని. పొయ్యి వైపు, ఆకు అల్లే పాక వైపు పోకూడదు. మార్చిలో ఒంగోలులో ఆరుంబావు ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఏడింటికి బస్సు బ్యారన్ ముందు రోడ్డు మీదకే వచ్చేది. ఆ ముప్పావు గంట ఆరుబయట వెలుతురు గడియారాన్ని ముందుకు జరపడంలో మందుకు తీసిపోదని నేను భావిస్తాను. ఆదివారం కూడా ఇదే నియమం.

మంచం ఎక్కిన పావుగంటలోపు నిద్ర పట్టడం రెండు మూడు రాత్రులు వరుసగా జరిగితే, పడకనూ ముక్కనూ రెండింటినీ పదిహేను నిమిషాలు ముందుకు తెమ్మన్నాను. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలై ఒక అడ్డంకి వచ్చింది. మధ్యాహ్నం ఎండకు ఇంటికొచ్చి మూడు గంటలు నిద్రపోవడంతో రాత్రి నిద్ర మళ్లీ జారింది. మోతాదు పెంచమని ఫోన్ వచ్చింది. పెంచకుండా, మధ్యాహ్నం నిద్రను రెండుంబావుకు ఆపమని నాయనమ్మకు అలారం పెట్టించాను. వారంలో మళ్లీ గాడిలో పడింది. ఏప్రిల్ చివరికి తొమ్మిదిన్నరకు నిద్రపోయి ఆరింటికి తనంతట తానే లేస్తున్నాడు. మధ్యాహ్నం కునుకుతో కలిపి తొమ్మిది గంటలు దాటింది.

మే మొదట్లో మెలటోనిన్ ఆపేశాం. నిద్ర వేళ ఒక పావుగంట జారి అక్కడే నిలిచింది. సెలవుల్లో మేనత్త పిల్లలు వచ్చి టీవీ ముందు చేరినప్పుడు పదిన్నర దాకా పోయింది. మళ్లీ రాయమని అడిగారు గానీ రాయలేదు. పిల్లలందరినీ పొద్దున్నే చేను గట్ల మీద తిప్పుకు రమ్మన్నాను. జూన్‌లో బడి తెరిచేసరికి పాత వేళకు వచ్చాడు.

నేను ఇందులో గమనించినవి

తల్లిదండ్రులు "ఎన్ని మిల్లీగ్రాములు" అని అడుగుతారు. వైద్యులం దానికే జవాబిస్తే సగం కేసు చూడకుండా వదిలేసినట్టే. బిడ్డను వాడి మానాన వదిలేస్తే ఎన్నింటికి నిద్రపోతాడు, ఎన్నింటికి లేస్తాడు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా మెలటోనిన్ ఇచ్చే వేళను నిర్ణయించలేం. సెలవు రోజు డైరీ దీనికి తేలికైన మార్గం.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ మందును వారాల లెక్కన, ఆపే తేదీ ముందే చెప్పి ఇవ్వడం నా పద్ధతి. ఏళ్ల తరబడి వాడితే యుక్తవయసు ఎదుగుదల మీద ప్రభావం ఉంటుందా అన్న ప్రశ్నకు ఇప్పటివరకు స్పష్టమైన హాని కనిపించలేదు గానీ, నిశ్చింతగా ఉండదగినంత దీర్ఘకాల పరిశీలన కూడా లేదు.

ఆటిజం, ఇతర నాడీవికాస సమస్యలున్న పిల్లల సంగతి వేరు. వారిలో అలవాట్లు సరిదిద్దాక కూడా నిద్ర పట్టకపోతే నేను సంకోచం లేకుండా పడకకు అరగంట నుంచి గంట ముందు తగిన మోతాదులో మెలటోనిన్ ఇస్తాను, అవసరమైతే ఎక్కువ కాలం కొనసాగిస్తాను. అలాంటి 146 మంది పిల్లలతో బ్రిటన్‌లో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో నిద్ర పట్టడానికి పట్టే సమయం దాదాపు ముప్పావు గంట తగ్గింది. మొత్తం నిద్ర మాత్రం సుమారు 22 నిమిషాలే పెరిగింది, ఎందుకంటే పిల్లలు ఉదయం త్వరగా లేచారు. ఈ అంకెలు నేను ఆ తల్లిదండ్రులకు మొదటి రోజే చెబుతాను. రాత్రంతా గాఢంగా నిద్రపోతాడని ఆశపెట్టి మందు మొదలుపెడితే, రెండో వారంలో మోతాదు పెంచమని అడుగుతారు.

ఈ బాలుడికి వచ్చే జనవరిలో బ్యారన్ మళ్లీ మండుతుంది. మొదటి మంట వేసే రోజు నుంచే పొద్దుటి థర్మామీటరు పని కొడుకుదేనని తండ్రి ఒప్పుకున్నాడు. సాయంత్రం క్యారియర్ చిన్నాన్న తీసుకెళ్తాడు. డిసెంబరు చివర్లో రెండు వారాల డైరీ రాసి తెమ్మని తల్లికి చెప్పాను.